భూమినే తీగ చేసిన శౌరి

శౌరి చేతిలో దీపం ఆరిపోకుండా తగ్గడమనేది మొట్టమొదట కోటప్పకొండ తిరునాళ్ళలో జరిగింది. ఆ గెలుపు ఊరికే రాలేదు. అంతకు ముందటేడు ఫ్యాను రెగ్యులేటరు తగిలించి ఎల్‌ఈడీ దీపాల వెలుగు తగ్గించబోతే, తిరునాళ్ళకని బండి మీద ఎత్తుగా కట్టిన ఊరి ప్రభ నిలువెల్లా గజగజ వణికింది. కొండ కిందికి చేరేలోపే సగం దీపాలు కళ్ళు మూశాయి. "శౌరి ప్రభకు చలిజ్వరం రోయ్" అని పక్క ఊరి కుర్రకారు ఏడాది పొడుగునా ఏడిపించారు. ఆ ఏడాదంతా శౌరి కాలిపోయిన డ్రైవర్లను, అంటే దీపానికి కరెంటు కొలిచి అందించే పెట్టెలను, ఒక్కొక్కటే విప్పి లోపల చూసుకుంటూ కూర్చున్నాడు. మరుసటి శివరాత్రికి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తయారుచేసుకొచ్చాడు. పొద్దుగూకగానే ప్రభ మొత్తం నిదానంగా వెలిగింది, నిదానంగా తగ్గింది, మళ్ళీ వెలిగింది, నిద్రపోయే మనిషి రొమ్ము లేచి పడినట్టు. ఏడిపించిన కుర్రకారే బండి వెనక్కొచ్చి, పెట్టెలో ఏముందో చూపించమని బతిమాలారు. శౌరి చూపించలేదు.

చూపించలేదు గాని చెప్పాడు. చెప్పకుండా ఉండటం అతని వల్ల కాదు.

"కరెంటును సన్నం చెయ్యలేదురా. నిండుగా ఇస్తా, ఆపుతా, ఇస్తా, ఆపుతా. సెకనుకు వెయ్యిసార్లు. ఇచ్చేసేపు ఎక్కువైతే వెలుగెక్కువ, ఆపేసేపు ఎక్కువైతే వెలుగు తక్కువ. మధ్యలో ఆపానని మీ కంటికి తెలవదు. కాలవ కింద నీళ్ళు వంతులేసుకోలా? అట్టాగే."

కంపెనీలవాళ్ళు దాన్ని పీడబ్ల్యూఎం అంటారు. శౌరి వంతు కరెంటు అన్నాడు. ఊళ్ళో ఆ పేరే నిలిచింది.

అలాంటి మనిషి ఊరికి ఏమేం చేశాడో చెప్పకుండా ముందుకు పోవడం మర్యాద కాదు. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. నరసరావుపేటలో మోటారు వైండింగు నేర్చుకున్నాడు. ఊళ్ళో మొదటి సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోతే, పేట పంపకుండా చింతచెట్టు కింద కూర్చుని బాగుచేసింది అతనే. క్రిస్మసుకు చర్చి గోపురం మీద తిరిగే నక్షత్రం అతనిది. రంజాను నెలలో మసీదు మీనారుకు దీపాలు అతనివి. శివరాత్రికి ప్రభ సరేసరి. ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరూ శౌరి దీపాల కిందే పండగ చేసుకున్నారు. ఇందులో ఒక్క మాట ఎక్కువ లేదు, ఎవరినైనా అడగవచ్చు.

వీటన్నిటినీ మించిన ఘనత ఇంకొకటి ఉంది. లైన్లలో మూడు ఫేజుల్లో ఒక్కటే వదిలి, ఇళ్ళలో బల్బులు వెలగని రోజుల్లో, ఊరంతా కిరసనాయిలు బుడ్ల ముందు కూర్చుంటే, శౌరి ఇంటి వెనక ఇనప కడ్డీ పాతి, దాని మొదట్లో ఉప్పు నీళ్ళు పోసి, బల్బు వెలిగించాడు. కరెంటు వెళ్ళడానికి ఒక తీగ కావాలి, తిరిగి రావడానికి ఒక తీగ కావాలి. వెళ్ళే తీగ కరెంటాఫీసుది, తిరిగొచ్చే తీగ భూదేవి అన్నాడు. నెల తిరక్కుండా వాడవాడలా కడ్డీలు దిగాయి. ప్రభకూ అదే పద్ధతి పెట్టాడు. బ్యాటరీ దీపాల రెండో కొసలన్నీ బండి ఇనప చట్రానికే బిగించేవాడు. సగం తీగతో ప్రభ వెలిగించినోడు అని పేరొచ్చింది.

ఆ పేరే సుశీల ప్రాణానికి వచ్చింది.

సుశీలది ఈపూరు రోడ్డు మీద మిరప నారు షెడ్డు. రైతులు తమ విత్తనాల ప్యాకెట్లు తెచ్చి ఆమె చేతిలో పెడతారు. ఆమె ట్రేలలో మొలకెత్తించి, పెంచి, నాటే అదునుకు తిరిగి ఇస్తుంది. విత్తనం వాళ్ళది, నమ్మకం వాళ్ళది. పోతే అదును మళ్ళీ రాదు. నిరుడు ముసురు పట్టి, మొలకలు వెలుతురు కోసం మెడలు సాచి సాచి, గాలికి కూడా వాలిపోయేంత సన్నబడ్డాయి. ఊళ్ళోవాళ్ళు మొహం మీద ఏమీ అనలేదు గాని, నారు కోసం బెల్లంకొండ దాకా ట్రాక్టర్లు కట్టుకుని పోయారు. అది ఆమెకు మాట పడటం కన్నా ఎక్కువ తగిలింది. అందుకే ఈ ఏడు పాత పత్తి గోడౌను శుభ్రం చేయించి, ఇనప ర్యాకులు వరసగా నిలిపి, ప్రతి అర పైనా నారుకు వెలుగిచ్చే ఎల్‌ఈడీ దీపాలు కట్టించింది.

దీపాలు మంచివే, చెడ్డ చురుకు. రెండాకుల మొలకను వాటి కింద పెడితే, ఆకు అంచులు తెల్లబడి దొన్నెలా ముడుచుకుంటోంది. మొదట్లో తక్కువ వెలుగిచ్చి, ఆకు ముదిరేకొద్దీ పెంచుకుంటూ పోవాలి. శౌరిని పిలిచింది. వరసకు బాబాయ్ అంటుంది అతన్ని.

"ఫ్యాను రెగ్యులేటరు పెడదామా బాబాయ్?"

శౌరి లెంపలు వేసుకున్నాడు. "ఆ మాట నా ముందు అనబాక. చలిజ్వరం గుర్తొచ్చిద్ది. ఇట్టా చూడు. డ్రైవరుకు మెయిను తీగలు కాకుండా రెండు సన్న తీగలు వేలాడతన్నయ్యా? ఊదాది ఒకటి, బూడిదరంగుది ఒకటి. ఎంత వెలగాలో చెప్పే తీగలవి. నా పెట్టె నుంచి వంతు కరెంటు వీటికిస్తే డ్రైవరు మాటింటది. ఏమీ చెప్పకపోతే మాత్రం నిండా వెలిగిద్ది. చెప్పేవోడు లేని పిల్లోడు గదా."

ఆ ముక్క నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ తరవాత వచ్చిన తిప్పలన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

తడి తగలకుండా పెట్టెను గోడౌను బయట, తలుపు పక్కన వసారాలో బిగించాడు. వర్షం జోరున కురుస్తుంటే గొడుగు పట్టించుకుని మరీ పనిచేశాడు. మీట కుడికి తిప్పితే దీపాలు పెరుగుతున్నాయి, ఎడమకు తిప్పితే తగ్గుతున్నాయి. సుశీల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రైతులు పెద్దాయనగా చూసే గోపాలరావు పెదనాన్న తన విత్తనం కూడా తెచ్చిచ్చాడు. ఆయన ఇచ్చాడంటే ఊరు ఇచ్చినట్టే.

ఆగస్టు ఆఖర్న శౌరి, భార్య ఫిలోమినాతో కలిసి వేళాంకణ్ణి మాత ఉత్సవాలకు రైలెక్కాడు. ఎన్నాళ్ళనుంచో ఉన్న మొక్కు. వర్షాలు కూడా అప్పుడే తెరిపిచ్చాయి.

వర్షం పోయి ఎండ కాయగానే దీపాలకు దయ్యం పట్టింది.

పొద్దున్నే బుద్ధిగా తక్కువగా వెలుగుతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరూ మీట ముట్టుకోకపోయినా వాటంతట అవే పెరుగుతాయి. మూడింటికల్లా కళ్ళు చెదిరేట్టు నిండా వెలుగుతాయి. సుశీల మీట ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది, మళ్ళీ ఎడమకు తిప్పింది. దున్నపోతు మీద వాన. ఫోను తీసింది.

"బాబాయ్, దీపాలు వాటంతట అవే పెరుగుతున్నయ్యి."

రైలు చప్పుడులోంచి శౌరి గొంతు వచ్చింది. "అట్టా పెరగవమ్మాయ్."

"పెరిగినయ్యి అంటుంటే పెరగవంటావేంది? ఇక్కడ నించుని చూస్తున్నా."

"పద్నాలుగు ప్రభలు వెలిగించా. ఒక్క దీపం నా మాట లేకుండా పెరగలా."

"నేనడిగింది ప్రభల సంగతి కాదు బాబాయ్. నారు ముడుచుకుంటంది."

"ఊళ్ళో మొదటి సబ్‌మెర్సిబుల్..."

సుశీల ఫోను పెట్టేసింది. పాత వాయిలు చీరలు చింపి దీపాలకూ ట్రేలకూ మధ్య అడ్డం కట్టింది. గదిలో ఉక్కపోసి చీరలకు చెమ్మ పట్టింది. మర్నాడు విప్పి, షేడ్‌నెట్ ముక్కలు కట్టింది. కింది అరల్లో మొలకలు చీకటై సాగడం మొదలుపెట్టాయి, పై అరల్లో అంచులు తెల్లబడుతున్నాయి. ఒకే గదిలో సగం పిల్లలకు ఆకలి, సగం పిల్లలకు అజీర్తి. మళ్ళీ ఫోను చేసింది.

"డ్రైవర్లే చెడిపోయుంటయ్యి. కంపెనీవోడికి చెప్పు" అన్నాడు శౌరి.

"అన్నీ ఒకేసారి చెడిపోతయ్యా?"

"చెప్పలేం. ఈ కాలం సరుకు."

"పొద్దున బాగుపడి మధ్యాన్నం చెడిపోతయ్యా బాబాయ్? అదేం సరుకు, పూటకూళ్ళ సరుకా?"

"నువ్వు కోప్పడతన్నావు. నేను క్యూలో ఉన్నా. మాతకు నీ నారు గురించి కూడా చెప్పుకుంటాలే."

"నారుకు నేనున్నా గాని, నీ మొండితనానికి చెప్పుకో!"

అదే సమయానికి గోపాలరావు తలుపు తోసుకుని వచ్చాడు. రోజూ ఒకసారి వచ్చి తన ట్రేలు చూసుకుపోవడం ఆయనకు అలవాటు. ఒక మొలకను వేలితో ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఏమే సుశీలా, నారు పోస్తున్నావా, అప్పడాలు కాలుస్తున్నావా?"

"దీపాలు కొంచెం ఇబ్బంది పెడుతున్నయ్యి పెదనాన్నా. సర్దుతున్నా."

"నిరుడు ముసురన్నావు. ఈ ఏడు వెలుగంటావు. నా మిరపకు నీ దగ్గర ఏ వాతావరణం పడిద్దో కనుక్కుని చెప్పు, వచ్చే ఏడు విత్తనం అప్పుడే తెచ్చిస్తా." ఆగి, కొంచెం తగ్గిన గొంతుతో అన్నాడు. "రేపు వెళ్ళి బెల్లంకొండలో నారు ఉందేమో అడిగొస్తా. నీ మీద నమ్మకం లేక కాదు, పొలం ఖాళీగా ఉంచలేను గదా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ట్రాక్టరు కదిలితే ఊళ్ళో ట్రాక్టర్లన్నీ కదులుతాయి. ఇక షెడ్డుకు తాళం వేసుకోవడమే.

"రెండ్రోజులు ఆగు పెదనాన్నా" అన్నది. ఎందుకు రెండ్రోజులన్నదో ఆమెకే తెలియదు.

మర్నాడు దయ్యం పద్ధతి మార్చుకుంది. పొద్దున్నే తలుపు తీసేసరికే దీపాలు నిండా వెలుగుతున్నాయి. సుశీల గుమ్మంలో కూలబడింది. షెడ్డులో రోజూ పొద్దున్నే ట్రేలు కడిగే మాబున్నీసా ఆ రోజు చెల్లెలి ఇంట్లో పనుండి ఆలస్యంగా వచ్చింది. మధ్యాహ్నం దాటాక కొంగు బిగించి, గోడౌను వెనక గోడ దగ్గర ట్రేలు కడగడం మొదలుపెట్టింది. నాలుగు బిందెలు కుమ్మరించిందో లేదో, లోపల దీపాలు ఒక్కసారిగా తగ్గాయి.

సుశీల లేచి నిలబడింది. తగ్గిన దీపాలనూ, వెనక గోడ అవతల నీళ్ళ చప్పుడునూ మార్చి మార్చి చూసింది.

"మాబున్నీసక్కా! నీళ్ళు ఆపు!"

"ఏందమ్మా, ఆలస్యంగా వచ్చానని పని కూడా వద్దా?"

"ఆపు ముందు. నేను చెప్పిందాకా పొయ్యబాక."

ఆ సాయంత్రానికి నేల ఆరింది. దీపాలు పెరిగాయి. "ఇప్పుడు పొయ్యి" అన్నది. మాబున్నీసా ఒక బిందె పోసింది. దీపాలు కొంచెం తగ్గాయి. ఇంకొకటి పోసింది. ఇంకొంచెం తగ్గాయి.

"అల్లా!" అన్నది మాబున్నీసా, బిందె చంకన పెట్టుకుని. "నా చేతిలో ఇంత మహిమ ఉందని ఇన్నాళ్ళు తెలవక ట్రేలు కడుగుతున్నా."

సుశీల నీళ్ళు ఇంకుతున్న చోటికి వెళ్ళి వంగి చూసింది. గోడ మొదట్లో ఇనప కడ్డీ ఒకటి జానెడు పైకి కనబడుతోంది. దానికి బిగించిన తీగ గోడ కన్నంలోంచి లోపలికి వెళ్ళి ర్యాకుల ఇనప చట్రానికి తగులుకుంది. ర్యాకు వెంట చూపు నడిపింది. ఊదా తీగలన్నీ ఒకదానికొకటి కలిసి బుద్ధిగా పెట్టె దాకా వెళ్ళాయి. బూడిదరంగు తీగలన్నీ, ప్రభ బండికి బిగించినట్టే, ర్యాకు ఇనుముకు బిగించి ఉన్నాయి. వసారాలోకి పరిగెత్తింది. పెట్టె కింద నుంచి ఒక తీగ దిగి, తలుపు పక్కన ఇంకో కడ్డీకి చుట్టుకుని ఉంది.

ఈ కడ్డీ నుంచి ఆ కడ్డీకి మధ్య తీగ లేదు. భూదేవి ఉంది.

వర్షం ఉన్నన్నాళ్ళు నేల తడిసి, పెట్టె మాటను అటూ ఇటూ మోసింది. ఎండ కాసి నేల ఆరిపోగానే మోయలేకపోయింది. మాబున్నీసా పొద్దున్నే ట్రేలు కడిగినప్పుడు కాసేపు మోసింది, మధ్యాహ్నానికి మళ్ళీ చేతులెత్తేసింది. మాట అందని డ్రైవర్లు, శౌరి చెప్పినట్టే, చెప్పేవాడు లేని పిల్లల్లాగా నిండా వెలిగాయి. సుశీలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల ప్రాణం తోకకు తెచ్చింది దయ్యం కాదు, బాబాయ్ ఘనత.

ఫోను చేసి ఇదంతా ఒక్క గుక్కలో చెప్పింది. అవతల సముద్రపు హోరు, జనం కేకలు. శౌరి అన్నీ విని, నిదానంగా అన్నాడు.

"అయితే తెలిసింది గదా. రోజూ రెండు కడ్డీలకూ నీళ్ళు పోయించు. కాసింత ఉప్పు కలిపితే ఇంకా మంచిది."

సుశీల నోరు తెరిచింది. తెరిచిందంటే ఆగలేదు.

"బాబాయ్! నేను మిరప నారుకు నీళ్ళు పోసుకోవాలా, నీ కడ్డీలకు పోసుకోవాలా? తిరిగొచ్చేదానికి ఒక్క తీగ వెయ్యలేకపోయావా? ఇంత దీపాల గది కట్టుకున్నదాన్ని, ఆ తీగ తెచ్చివ్వలేనా?"

"తీగ కోసం కాదమ్మాయ్. పద్ధతి. ఊరు ఊరంతా ఆ కడ్డీ మీద వెలిగింది."

"బల్బుకు చాలింది బాబాయ్, కాదనటంలా. ఇది బల్బు కాదు. చిన్న మాట మోసుకెళ్ళాలి. మాట మోసేదానికి భూమి చాలటంలా."

"నేనొచ్చిందాకా ముట్టుకోబాక. నా వైరింగులో ఇంకోళ్ళ చెయ్యి పడితే నాకు..."

"నువ్వొచ్చేసరికి గోపాలరావు పెదనాన్న బెల్లంకొండ నారు నాటేసి, కలుపు కూడా తీయిస్తుంటాడు!"

ఈసారి ఫోను పెట్టేసింది శౌరి.

సుశీల కాసేపు పెట్టె వంక చూస్తూ నిలబడింది. శౌరి పని మీద చెయ్యి వెయ్యడమంటే ఆ ఊళ్ళో పూజారి పక్కన నిలబడి మంత్రం సరిదిద్దినంత పని. నిరుడు రైతులు ఏమీ అనకుండా ట్రాక్టర్లు కట్టుకుని పోయిన వైనం గుర్తొచ్చింది. మర్నాడు ఎండెక్కాక మెయిను కట్టేసింది. షెడ్డులో పడి ఉన్న తీగ చుట్ట విప్పి, ర్యాకు ఇనుము మీద నుంచి బూడిదరంగు తీగలన్నిటినీ విప్పదీసి ఒకటిగా కలిపింది. వాటికి కొత్త తీగ చేర్చి, గోడ కన్నంలోంచి తెచ్చి, పెట్టె మైనసులో బిగించింది. కడ్డీకి వెళ్ళే తీగలు రెండూ ఊడదీసి పక్కకు వంచింది. మెయిను వేసి, మీట ఎడమకు తిప్పింది.

దీపాలు తగ్గాయి. ఎండ మండుతోంది, నేల పెంకులా ఎండి ఉంది, మాబున్నీసా బిందె బోర్లించి దాని మీద కూర్చుని ఉంది, దీపాలు మాత్రం తగ్గే ఉన్నాయి.

"నా మహిమ పోయింది" అన్నది మాబున్నీసా దిగులుగా.

రెండ్రోజుల గడువు తీరాక గోపాలరావు బెల్లంకొండ ప్రయాణం కట్టుకుని, వెళ్ళేముందు ఒకసారి చూసి పోదామని వచ్చాడు. సుశీల ఏమీ దాచలేదు. పై అరలో అంచు వరసలు మాడిపోయాయని, వాటిని తిరిగి పోస్తున్నానని, మిగతావి నిలబడ్డాయని చెప్పింది. ఆయన కొత్తగా విచ్చుకున్న ఆకును చూశాడు. ముడత లేదు, తెలుపు లేదు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"బెల్లంకొండ రోడ్డు బాగుండదంట. వెళ్ళటంలా" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఏం చేశావే?"

"ఒక తీగ వేశా."

"శౌరి వెయ్యమన్నాడా?"

సుశీల వంగి ట్రేలు సర్దడం మొదలుపెట్టింది. ఆయన మీసాల కింద నవ్వుకుంటూ పోయాడు.

రెండు రోజులు శౌరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు ఫిలోమినా ఫోను చేసింది.

"అమ్మాయ్, మీ బాబాయ్‌ని ఏమన్నావే? మనిషి తిండి తినటంలా. గుండు చేయించుకుని, మాత గుడికి అందరూ ముందు నుంచి పోతుంటే ఈయన వెనక నుంచి పోతన్నాడు. దీపాల తోరణాల వెనక దూరి తీగలు లెక్క పెడతన్నాడు. వాలంటీర్లు రెండుసార్లు పట్టుకుని తీసుకొచ్చారు."

"ఏం కనిపెట్టాడు పిన్నీ?"

"ఏమో. అన్నిటికీ రెండేసి ఉన్నయ్యి, అన్నిటికీ రెండేసి ఉన్నయ్యి అని గొణుక్కుంటన్నాడు. ఇదిగో, ఇమ్మంటన్నాడు."

ఫోను చేతులు మారిన చప్పుడు.

"అమ్మాయ్" అన్నాడు శౌరి. "తీగ వేశావా?"

"వేశా బాబాయ్."

"వెలుగు నిలిచిందా?"

"నిలిచింది."

"నిలిచిద్ది" అన్నాడు, తనే వేసినట్టు. "కడ్డీలు పీకావా?"

"పీకలా. అవి నువ్వు పాతినయ్యి."

"పీకబాక. నేనే పీకుతా. ఈలోపల ఎవురన్నా అడిగితే శౌరి వచ్చి చూసిందాకా చెప్పలేమను." గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట. మాబున్నీసాతో రోజూ రెండు బిందెలు పోయిస్తానే ఉండు. నేల గట్టిపడితే కడ్డీ ఊడి రాదు."

"మొత్తానికి నీళ్ళు పోయించకుండా ఊరుకోవన్నమాట" అన్నది సుశీల. నవ్వొచ్చినా వినబడనివ్వలేదు. "ఎప్పుడొస్తున్నావు?"

"ఉత్సవం ఎనిమిదిన అయిపోయిద్ది. ఆ రాత్రికే రైలు. పదో తారీకుకు ఊళ్ళో ఉంటా."

సుశీల గోడౌను తలుపు పక్కన, కడ్డీకి సరిగ్గా పైన, సుద్దముక్కతో గోడ మీద రాసి పెట్టింది, మాబున్నీసా ఎన్నాళ్ళు నీళ్ళు పోయాలో మరిచిపోకుండా: బాబాయ్ వచ్చేది సెప్టెంబరు పదో తారీకు.